చేటలో రెండు పూలు

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక పట్నం. పట్నంలో ఒక పెరడు, పెరటి చుట్టూ ఒక గోడ. గోడకు ఇవతల ఒక మనిషి, అవతల ఊరంతా. మన కథ ఆ గోడ దగ్గరే మొదలవుతుంది.

గోడకు ఇవతల ఉన్న మనిషి పేరు గోనయ్య. ముప్పై ఏళ్లు రాజుగారి పూలతోటను చూసుకున్నాడు. పని మానుకున్న రోజున రాజు అతన్ని సభకు పిలిపించి, వెండి పిడి వేసిన కొడవలి బహూకరించాడు.

"గోనయ్యా, నీ చేతిలో పడిన మొక్కకు ఓటమి లేదు" అన్నాడు రాజు.

గోనయ్య కొడవలిని ఇంట్లో గోడకు తగిలించాడు. మాటను మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు.

అతని భార్య పేరిందేవి. కొండ మీది పల్లెలో పుట్టింది. పెళ్లయి కిందికి వచ్చి నలభై ఏళ్లయినా, వాన మొదలైతే చాలు, తల ఎత్తి కొండవైపు చూసేది.

ఆ పట్నంలో పాదుల జట్టు అని ఒకటి ఉండేది. పెరడు ఉన్నవాళ్లు, పెరడు లేక పగిలిన కుండలో మొక్క పెంచుకునేవాళ్లు, ప్రతి బుధవారం పొద్దు వాలే వేళకు పాత సుంకం చావడిలో చేరేవారు. సుంకం ఎత్తేసి చాలా కాలమైంది. చావడికి మూడు గోడలూ ఒక కప్పూ మిగిలాయి. జట్టుకు అంతకంటే అక్కర్లేదు.

వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మధ్యలో ఒక పెద్ద చేట పెడతారు. వచ్చిన ప్రతివాళ్లూ తమ పెరట్లో ఆ వారం చెడిపోయినది ఏదో ఒకటి తెచ్చి అందులో వెయ్యాలి. పురుగు తిన్న ఆకు, పగిలిన కాయ, కుళ్లిన వేరు, ఏదైనా సరే. వేసినవాళ్లు తమకు తెలిసింది చెప్పాలి. మిగిలినవాళ్లు వినాలి. ఆఖరి మనిషి చెప్పేదాకా ఎవరూ లేవకూడదు.

గోనయ్యకు ఇది తెలియదు. పని మానుకుని ఆ పట్నంలో కాపురం పెట్టాక వచ్చిన మొదటి బుధవారం, పళ్లెమంత గులాబీ ఒకటి తమలపాకులో పెట్టుకుని చావడికి వెళ్లాడు.

జట్టుకు పెద్ద సోమిదమ్మ. ఆకుకూరలు అమ్ముకునే ముసలావిడ. ఆమె గులాబీని చూసింది, చేటను చూసింది.

"అందంగా ఉందయ్యా. కానీ ఇది చేటలో పెట్టడానికి లేదు" అంది.

"ఏం?"

"చేట చెడినవాటికి. బాగా పండినది ఎవరైనా తెస్తే గుమ్మం దగ్గరే కూర వండుకుని తినేస్తాం. గులాబీని కూర కూడా వండుకోలేం."

అందరూ నవ్వారు. ఎగతాళికి కాదు, సోమిదమ్మ ఎప్పుడూ అనే మాటే కాబట్టి నవ్వారు. గోనయ్యకు అది తెలియదు కదా.

"నా తోటలో చెడేది ఏదీ ఉండదు" అని గులాబీ పట్టుకుని వచ్చేశాడు. వారం తిరక్కుండా పెరటి గోడ మీద ఇంకో నాలుగు వరసల ఇటుకలు లేచాయి.

ఇలా రెండేళ్లు గడిచాయి.

ఒక ఎండాకాలం చివర పేరిందేవి తమ్ముడు కొండ దిగి వచ్చాడు. అక్కకు ఏం తెచ్చాడంటే, గుడ్డలో చుట్టిన ఒక దుంప. ఆగాకర దుంప. కొన్ని ఊళ్లలో దీన్నే బోడకాకర అంటారు. ఒళ్లంతా మెత్తని ముళ్లతో, కోడిగుడ్డంత కాయలు కాస్తుంది. కొండ మీద దాన్ని ఎవరూ నాటరు. వానకు దానంతటదే మొలుస్తుంది, పొదలన్నీ అల్లుకుంటుంది, వెళ్లి కోసుకొస్తారు, అంతే.

"ఏటా అడుగుతావుగా అక్కా. కాయలు తేవాలంటే వానల్లో వాగు దాటనివ్వదు. అందుకే దుంపే తెచ్చా. మీ ఆయన చేతిలో పెట్టు" అన్నాడు తమ్ముడు.

గోనయ్య పందిరి వేసి దుంప నాటాడు. తొలి వానకు తీగ లేచింది. ఆషాఢం నిండేసరికి పందిరి నిండింది.

అదే ఆషాఢంలో పేరిందేవికి జ్వరం తగిలింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. జ్వరం పోయింది కానీ, పోతూ పోతూ నాలుక మీది రుచిని వెంట తీసుకుపోయింది. ఏం పెట్టినా మట్టిలా ఉందనేది. వైద్యుడు నాడి చూసి, "మందుతో చెయ్యగలిగింది చేశాను. ఇక తిండి లోపలికి పోవాలి. పోకపోతే మాత్రం కష్టం" అని చెప్పి వెళ్లాడు.

ఆ రోజు నుంచి గోనయ్య భార్య తినే ముద్దలు లెక్కపెట్టసాగాడు. మొదటి వారం ఎనిమిది ముద్దలు. రెండో వారం ఆరు.

"ఏం చేసి పెట్టమంటావో చెప్పు" అని అడిగాడు ఒకరోజు.

పేరిందేవి కిటికీలోంచి పందిరివైపు చూసింది. "ఆగాకర వేపుడైతే తింటానేమో" అంది.

తీగ అప్పటికే మొగ్గ తొడిగింది. ఆ సాయంత్రమే మొదటి పువ్వు విచ్చింది. లేత పసుపు పువ్వు. గోనయ్య సంబరపడ్డాడు. మూడో రోజున ఆ పువ్వు రాలిపోయింది. ఆ తర్వాత పూసినవీ అలాగే రాలాయి. శ్రావణం వచ్చింది. పందిరి మీద పూలున్నాయి, పందిరి కింద రాలిన పూలున్నాయి. కాయ ఒక్కటి లేదు.

గోనయ్య ఆలోచించాడు. తీగకు బలం చాలలేదనుకున్నాడు. పశువుల ఎరువు వేశాడు, వేపపిండి వేశాడు. ఆకులు అరచేతి కంటే వెడల్పయ్యాయి. పూలు రాలాయి.

మళ్లీ ఆలోచించాడు. ఏదో పురుగు సాయంత్రం వచ్చి పూలను పాడుచేస్తోందనుకున్నాడు. భార్య పాతచీర తెచ్చి, చీకటి పడకముందే పందిరికి చుట్టూ కట్టాడు. పూలు చీరలోపలే రాలాయి.

మూడోసారి ఆలోచించాడు. ఎవరి కళ్లో పడ్డాయనుకున్నాడు. పందిరికి దిష్టిబొమ్మ కట్టి, గోడ మీద మరో రెండు వరసలు లేపాడు. ఇప్పుడు ఆ పెరట్లోకి పక్కింటి పిల్లి కూడా దూకలేదు.

పేరిందేవి నాలుగు ముద్దలకు వచ్చింది.

"ఏమయ్యా, ఆ పాదుల జట్టు వాళ్లను ఒక మాట అడగకూడదూ?" అంది.

"కుండల్లో కొత్తిమీర పెంచుకునేవాళ్లు నాకు చెప్పేదేముంది?"

"చెప్పడానికి ఏమీ లేకపోతే పోయె. అడిగితే నీ కొడవలి పిడి ఏమన్నా కరుగుతుందా?"

గోనయ్య విసుక్కుని పెరట్లోకి వెళ్లిపోయాడు. అయినా బుధవారం రాగానే రాలిన పువ్వొకటి పిడికిట్లో దాచుకుని చావడి దాకా వెళ్లాడు. లోపల నవ్వులు వినిపించాయి. రాజుగారి తోటమాలి పెరట్లో తీగ గొడ్డుపోయిందని రేపు సంతలో చెప్పుకుంటారు అనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు గుమ్మం దగ్గరి నుంచే తిరిగొచ్చాడు. ఇంటికి వచ్చి పిడికిలి విప్పితే పువ్వు నలిగి ముద్దయి ఉంది.

భాద్రపదం వచ్చింది. వానలు వెనకబట్టే రోజులు దగ్గర పడ్డాయి. వానలు పోతే ఆగాకర తీగ ఎండిపోతుంది. దుంప మళ్లీ వచ్చే ఏటి దాకా నేలలో పడుకుంటుంది. ఆ సంగతి గోనయ్యకు తెలుసు, పేరిందేవికీ తెలుసు.

ఒక బుధవారం మధ్యాహ్నం అతను అన్నం కలిపి పెట్టాడు. ఆమె మూడు ముద్దలు తిని, కంచాన్ని మెల్లగా అతనివైపు జరిపింది.

"వచ్చే ఏడు కాస్తుందిలే, బాధపడకు" అంది.

అతని చేతిని ఆమె వడలిపోయిన చేయి తట్టింది. ఆ చేతిలో బరువు లేదు. ఓదార్పు పొందాల్సిన మనిషి ఓదార్చడం గోనయ్య తట్టుకోలేకపోయాడు. లేచి పందిరి కిందికి వెళ్లి, ఆ ఉదయం రాలిన పువ్వును తీసుకున్నాడు. ఈసారి పిడికిట్లో దాచలేదు. అరచేతిలో పెట్టుకుని, చినుకుల్లో వీధి వెంట అందరూ చూస్తుండగా నడిచి వెళ్లాడు.

చావడిలో చేట చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. గోనయ్య వంగి పువ్వును చేటలో పెట్టాడు.

"నా తీగ కాయడం లేదు. ఎందుకో నాకు తెలియదు" అన్నాడు.

అతను ఈ రెండు మాటలు అనడానికి రెండేళ్లు పట్టింది. విన్నవాళ్లలో ఎవరూ నవ్వలేదు. ఒకాయన జరిగి చోటిచ్చాడు.

"ఎరువు వేశావా?" అంది సోమిదమ్మ.

"వేశాను. పురుగు రాకుండా చీర కూడా కట్టాను."

"తీగకు చీర కట్టావా? రవిక కూడా తొడిగావా?"

గోనయ్యకే నవ్వొచ్చింది. సోమిదమ్మ పువ్వును పట్టి చూసి, "ఇది మన చాపలల్లే బంగారి తెచ్చే పువ్వులా లేదూ?" అంది.

గానుగ ఎర్రన్న ఒక ఆకు విప్పాడు. "అచ్చం అదే పిన్నీ. బంగారి ఇవాళ రాలేదు. దారిలో కనిపించి ఇది ఇచ్చింది. అయిదు వారాలుగా తెచ్చి చూపిస్తున్నా లాభం లేదు, ఇక ఆ తీగను పొద్దుగూకేలోగా పీకి చిక్కుడు పెడతానని చెప్పమంది." ఆకులోని పువ్వును తీసి గోనయ్య పువ్వు పక్కన వేశాడు. రెండూ లేత పసుపు పూలే.

"దాని తీగా పూస్తుంది, కాయదు. నీదీ అంతే. ఈ తీగ కొండ మీది వస్తువు. మాలో ఎవరికీ దీని గుణం తెలియదయ్యా. ఉన్నమాట చెప్తున్నా" అంది సోమిదమ్మ.

గోనయ్య తలూపాడు. లేవబోయాడు. పక్కనున్నాయన అతని పంచె అంచు పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఆఖరివాళ్లు చెప్పేదాకా లేవకూడదు."

అందుకని కూర్చున్నాడు. కూర్చోకపోతే ఈ కథ లేదు.

ఎర్రన్న వంతు వచ్చింది. కుళ్లిన గుమ్మడి పిందెలు మూడు చేటలో వేశాడు.

"పువ్వు విచ్చిన మూడో నాటికి పండిపోయి రాలుతున్నాయి" అన్నాడు.

"తేనెటీగలు వస్తున్నాయా?" అని అడిగింది సోమిదమ్మ.

"ఈ ముసుర్లో మనుషులే బయటికి రావడం లేదు."

"అయితే వాటి పని నువ్వు చెయ్యి. తీగ మీద ఉత్త కాడతో ఉండేది మగపువ్వు. అడుగున పిందె ఉండేది ఆడపువ్వు. పొద్దున్నే మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో తాకించు. పుప్పొడి అంటితే పిందె నిలుస్తుంది."

"నన్ను తేనెటీగ అవమంటావా పిన్నీ?"

"నీ పొట్ట చూసి పువ్వు జడుసుకోకుండా ఉంటే అవుతావు."

అందరూ నవ్వుతున్నారు. గోనయ్య నవ్వడం లేదు. చేటలోకి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు పూలను చూసిన కళ్లు అవి. అతని పువ్వు కింద, కాడ మొదలైన చోట, ఆవగింజకు నాలుగింతల పూస ఒకటి ఉంది. పూస మీద నూగులాంటి ముళ్లు. పక్కనున్న బంగారి పువ్వు కింద పూస లేదు. నున్నటి కాడ ఉంది, అంతే.

రెండు పూలనూ తీసి చెరో చేతిలో పట్టుకున్నాడు.

"గుమ్మడికి రెండు పూలూ ఒక తీగ మీదే పూస్తాయి. దీనికి అలా కాదు" అని నెమ్మదిగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నా పందిరి కింద రాలిన ప్రతి పువ్వుకూ ఈ పూస ఉంది. దీనికి ఆడతీగ వేరు, మగతీగ వేరు. నాది ఆడతీగ. బంగారిది మగతీగ. ఏ ఒక్కటీ గొడ్డుది కాదు. రెండూ ఒంటరివి."

అప్పుడు ఎర్రన్నకు గుర్తొచ్చింది.

"అయ్యో, బంగారి గునపం తీసుకుని పెరట్లోకి వెళ్లింది" అన్నాడు.

ఆ రోజు ఆ పట్నం ఒక వింత చూసింది. రాజుగారి తోటమాలి, చెప్పులు వదిలేసి, పంచె ఎగ్గట్టి, రెండు చేతుల్లో రెండు వాడిన పూలు పట్టుకుని చాపల వీధిలో పరుగెత్తాడు. వెనక పాదుల జట్టు మొత్తం పరుగెత్తింది. జట్టు నియమం తప్పి ఆఖరివాళ్లు చెప్పకముందే అందరూ లేచింది ఆ ఒక్కరోజే.

బంగారి అప్పటికే తీగ మొదట్లో ఒక పక్క తవ్వింది. దుంప సగం బయటపడి ఉంది. గునపం రెండోసారి ఎత్తింది.

"ఆగమ్మా" అన్నాడు గోనయ్య. ఆయాసంతో ఇంకో మాట రాలేదు.

బంగారి తిరిగి చూసింది. ఊళ్లో గోడల గోనయ్య అని అందరూ అనుకునే మనిషి తన దడి పట్టుకుని ఊగుతున్నాడు.

"ఏంటి బాబాయ్, నా పెరటికి కూడా గోడ కడతావా?" అంది.

అతను రెండు పూలూ చూపించి సంగతి చెప్పాడు. బంగారి గునపం దించింది. దుంప మీద మట్టి తనే చేత్తో కప్పింది.

"పోయిన ఎండాకాలంలో కొండ మీది మనిషి ఒకాయన దాహమని వాకిట్లో ఆగాడు. నీళ్లిచ్చి, కూర్చోమని చాప వేశా. తన మూటలో రెండు దుంపలుంటే ఒకటి నాకు ఇచ్చాడు. రెండోది అక్కకని చెప్పాడు" అంది.

ఒక మూటలో కొండ దిగిన రెండు దుంపలు, మూడు వీధుల ఎడంలో, ఒక వానాకాలమంతా ఒకదానికోసం ఒకటి పూశాయన్నమాట.

అప్పుడే పొద్దు వాలుతోంది. బంగారి పందిరి మీద పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఆమె ఏడు పూలు కోసి ఆకులో పెట్టింది. అందరూ గోనయ్య ఇంటికి వచ్చారు. అంత ఎత్తు గోడను, పందిరికి కట్టిన చీరను చూసి ఏదో అనబోయిన ఎర్రన్నను సోమిదమ్మ మోచేత్తో పొడిచింది.

గోనయ్య చీర విప్పేశాడు. విచ్చిన పూలు ఏడింటిని వెతికి, ఒక్కో పువ్వుకూ ఒక్కో పువ్వు తాకించాడు. పసిపిల్లకు కాటుక దిద్దేటంత మెత్తగా తాకించాడు. కిటికీ దగ్గర పేరిందేవి దిండుకు ఆనుకుని చూస్తోంది. ఆమె పెరట్లో అంతమంది మనుషులను చూసి రెండేళ్లయింది.

మూడు రోజులు గడిచాయి. ఏడు పూలలో నాలుగు రాలిపోయాయి. మూడు నిలిచాయి. పూస బఠాణీ అయింది, బఠాణీ ఉసిరికాయంత అయింది. పన్నెండో రోజుకు మూడు ఆగాకర కాయలు, ఆకుపచ్చగా, ఒళ్లంతా ముళ్లతో, పందిరికి వేలాడాయి.

గోనయ్య గోడకు తగిలించిన వెండి పిడి కొడవలిని మొదటిసారి దించాడు. ఒక కాయ కోశాడు.

"చక్రాలుగా, పల్చగా తరుగు. గింజ లేతదే, తియ్యకు. నూనెలో సన్నని సెగ మీద వేగనిచ్చి, ఉప్పూ కారం దించే ముందు చల్లు. తొందరపడకు" అని మంచం మీది నుంచే చెప్పింది పేరిందేవి. అతను తొందరపడలేదు. వాసన ఇల్లంతా కమ్ముకుంది.

అన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టాడు. ఆమె నమిలింది. కళ్లు మూసుకుంది.

"ఎలా ఉంది?"

"కాస్త మాడింది" అంది పేరిందేవి. "మాడిందని తెలుస్తోంది."

మట్టి రుచి తప్ప మరో రుచి ఎరగని నాలుకకు రెండు నెలల తర్వాత మాడు రుచి తెలిసింది. గోనయ్య రెండో ముద్ద పెట్టాడు. మూడు. నాలుగు. ఏడో ముద్దో ఎనిమిదో ముద్దో దగ్గర అతని కళ్లు మసకబారి, లెక్క తప్పింది. మళ్లీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

రెండో కాయ బంగారికి వెళ్లింది. మూడో కాయను తీసుకుని గోనయ్య ఆ బుధవారం చావడికి వెళ్లాడు. ఒక చేతిలో కాయ, ఇంకో చేతిలో చీడ పట్టిన గులాబీ కొమ్మ. కొమ్మను చేటలో వేశాడు. కాయను వెయ్యబోతే సోమిదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగా పండినది చేటలో పెట్టడానికి లేదు."

"తెలుసు. మూకుడు తెచ్చాను" అన్నాడు గోనయ్య.

గుమ్మం దగ్గర మూడు రాళ్లు పెట్టి వేయించారు. పదకొండు మందికి ఒక్కో చక్రం వచ్చింది. ఎర్రన్న తన చక్రాన్ని రెండుసార్లు కొరికి తిన్నాడు.

ఆ ఏడు తీగలు ఎండాక, గోనయ్య తన గోడ మీద లేపిన ఆరు వరసలూ దించేశాడు. బంగారి దుంపకు పక్కన పుట్టిన పిల్లదుంపను తెచ్చి తన పందిరి కింద నాటాడు. తన దుంప పిల్లను ఆమెకు ఇచ్చాడు. దించిన ఇటుకలతో చావడికి నాలుగో గోడ కడదామని ఎవరో అంటే అతనే వద్దన్నాడు. వాటితో చావడిలో అరుగు కట్టించాడు. మరుసటి వానాకాలం నుంచి పేరిందేవి బుధవారం బుధవారం నడిచి వచ్చి ఆ అరుగు మీద కూర్చుని, కొండ మీది మొక్కల కబుర్లు చెప్పేది. వెండి పిడి కొడవలి ఇంట్లో గోడకు ఉండేది కాదు. జట్టులో ఎవరికి అవసరమైతే వాళ్ల ఇంట్లో ఉండేది.

పిల్లలూ, గోనయ్య చేట దగ్గర నేర్చుకున్నది ఇదే: మన లోటును గోడ కట్టి దాచుకుంటే అది లోటుగానే మిగులుతుంది, నలుగురి ముందు పెడితే, దాన్ని తీర్చే చెయ్యి ఆ నలుగురిలోనే దొరుకుతుంది.